వెనకాల పట్టుకున్నావా?

మా వీధిలో ఆ వారం మూడు వింతలు జరిగాయి. పై వాటాలో వాళ్ల పిల్లి మా అటకెక్కి నాలుగు కూనల్ని పెట్టింది. ఆర్నెల్లుగా వెలగని వీధి దీపం వెలిగింది. నేను సైకిలు కొనుక్కున్నాను. మొదటి రెండూ మర్నాటికల్లా పాతబడిపోయాయి. మూడోది మాత్రం పాలవాడి నోటా, ఇస్త్రీ అబ్బాయి నోటా పడి, నాకంటే ముందే గుడికి చేరుకుంది. "ఏమ్మా, మనవడికా?" అని పూజారిగారు అడిగారు. "కాదండీ, నాకే" అన్నాను. ఆయన శఠగోపం నా నెత్తిన మామూలు కంటే కాస్త ఎక్కువసేపే ఉంచారు.

నాకు 62 ఏళ్లు. ముప్ఫై మూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. బీపీ లేదు గానీ షుగరుంది. మోకాళ్లు వాన రాబోయే ముందు వాతావరణ శాఖ కంటే ముందే చెబుతాయి. ఇన్ని అర్హతలున్న మనిషి విశాఖపట్నం నుంచి సోంపేట దాకా, అంటే 220 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా, మూడ్రోజుల్లో సైకిలు తొక్కుకుంటూ వెళతానంటే ఎవరికి మాత్రం నమ్మబుద్ధవుతుంది?

మావారు ఒక్క మాటా అనలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఏమీ అనకపోతే ఏమిటర్థమో నాకు తెలియదూ! పేపరు అడ్డం పెట్టుకుని పావుగంట కూర్చున్నారు. పేజీ మాత్రం తిప్పలేదు. చివరికి, "నీకు షుగరుంది, జ్ఞాపకం ఉందా?" అన్నారు.

"అందుకేగా డాక్టరుగారు రోజూ నడవమన్నారు."

"నడవమన్నారు. సోంపేట దాకా వెళ్లమన్లేదు."

అసలు సంగతేమిటంటే, ఇదంతా మా కోడలి మూలాన వచ్చింది. వాళ్ల ఆఫీసులో పిల్లలు కొందరు ఆదివారాలు తెల్లారకట్ల సైకిళ్లేసుకుని భీమిలి దాకా వెళ్లొస్తుంటారు. వాళ్లు ఓ సాయంత్రం మా ఇంట్లో కూర్చుని పకోడీలు తింటూ మాట్లాడుకుంటున్నారు. డిసెంబరులో ఉద్దానం దాకా తొక్కాలని, దారి ఖర్చులు ఎవరివి వాళ్లే పెట్టుకోవాలని, తొక్కిన కిలోమీటరుకి ఇంత చొప్పున తెలిసినవాళ్ల దగ్గర చందా పోగు చెయ్యాలని, ఆ డబ్బు కిడ్నీ జబ్బు మనుషుల ఆటో ఖర్చులకు ఇవ్వాలని వాళ్ల ఆలోచన. సీమదేశాల్లో ఇది పాత అలవాటేనట. లండన్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ దాకా 54 మైళ్లు గుండెజబ్బుల సంస్థ కోసం వేలమంది అలా తొక్కుతారట.

"ఎక్కడి దాకా?" అన్నాను పకోడీల పళ్లెం పట్టుకుని.

"సోంపేట దాకా అత్తయ్యా."

"అయితే నేనూ వస్తాను."

గదిలో ఒక్కసారి నిశ్శబ్దం. ఆ మాటన్నది నేనేనా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. మా కోడలు మంచిది. అత్తగారికి మతి పోయిందేమోనన్న అనుమానం మొహంలో కనిపించనివ్వకుండా, "సరే, ముందు ఓసారి డాక్టరుకి చూపించుకుందాం" అంది.

సోంపేట అవతల సముద్రం వైపున్న పల్లెటూరు మా పుట్టిల్లు. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ మాటకి తగ్గట్టే కొబ్బరి, జీడిమామిడి, పనస. ఎండాకాలంలో కూడా నేలమీద ఎండ పడేది కాదు. అక్కడే మా తమ్ముడు బుజ్జి ఉంటాడు. 58 ఏళ్లవాణ్ణి బుజ్జి అనడమేమిటని అతని అల్లుళ్ల ముందు మా మరదలు సిగ్గుపడుతుంది గానీ, నాకు వేరే పేరు నోటికి రాదు.

నాకు సైకిలు నేర్పింది వాడే.

అది 1976. నాకు పద్నాలుగు, వాడికి పది. మా నాన్నగారికి నల్లటి హెర్క్యులిస్ సైకిలుండేది. ఆయన నిద్ర లేవకముందే దాన్ని చప్పుడు కాకుండా నడిపించుకుంటూ ఇద్దరం కొబ్బరితోట వెనక బాటకి చేరేవాళ్లం. లంగా కుచ్చెళ్లు పైకి దోపి, బారు కింద నుంచి కాలు దూర్చి నేను తొక్కేదాన్ని. వాడు వెనకాల కేరియరు పట్టుకుని పరుగెత్తేవాడు. "పట్టుకున్నావా?" అని నేను అరవడం, "పట్టుకున్నానప్పా!" అని వాడు అరవడం. ఆ గొంతు రానురాను దూరమైపోతోందని ఓ రోజు అనుమానమొచ్చి వెనక్కి చూస్తే, వాడు అల్లంత దూరాన బాట మధ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి నవ్వుతున్నాడు. నేను ఒంటరిగా తొక్కుతున్నానని తెలిసిన మరుక్షణం కంచెలో పడ్డాననుకోండి. ఆ మచ్చ ఇప్పటికీ ఎడమ మోకాలి మీద ఉంది.

ఆ మచ్చే పట్టిచ్చింది. "ఆడగుంట సైకిలెక్కితే రేపెవడు చేసుకుంటాడురా?" అని నాయనమ్మ శోకాలు పెట్టింది. నాన్నగారు సైకిలుకి గొలుసు వేసి తాళం పెట్టారు. "ఎవరిదీ ఆలోచన?" అన్నారు. ఆలోచన నాదే. నేను నోరు విప్పలేదు. బుజ్జి ముందుకొచ్చి, "నానే ఎక్కమన్నాను" అన్నాడు. దెబ్బలు వాడు తిన్నాడు. నేను తలుపు చాటు నుంచి లెక్క పెట్టాను. నాలుగు.

తరవాత నలభై ఎనిమిదేళ్లు నేను సైకిలెక్కలేదు. 1990 దాటిన కొత్తల్లో తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో, కలెక్టరు షీలారాణి చుంకత్ హయాంలో అక్షరాస్యతా ఉద్యమం వాళ్లు వేలకొద్దీ పల్లెటూరి ఆడవాళ్లకి చదువుతోపాటు సైకిలు తొక్కడం కూడా నేర్పించారు. ఆ సంగతి చదివి మా క్లాసులో ఆడపిల్లలకి గొప్పగా చెప్పాను. "మీకొచ్చాండీ టీచర్?" అని ఒకత్తి అడిగింది. "లెక్క చెయ్యి ముందు" అన్నాను.

ఇప్పుడు కాస్త బరువైన సంగతి చెప్పాలి.

ఉద్దానంలో చాలా ఏళ్లుగా కిడ్నీలు పాడైపోతున్నాయి. షుగరూ బీపీ లేని మనుషులకి, పొలం పని చేసుకునే వాళ్లకి, నడివయసులోనే. నీళ్లలో ఏముందని చూశారు, మట్టిలో ఏముందని చూశారు, ఎండలో నీళ్లు తాగకుండా పని చెయ్యడం వల్లనా అని చూశారు. ఇదీ కారణం అని ఖాయంగా తేల్చిన వాళ్లు ఇంకా లేరు. ఈ జబ్బు ముందు చప్పుడు చెయ్యదు. కాళ్లకు వాపొచ్చి, తిండి సయించక, ఆయాసమొచ్చి ఆసుపత్రికి వెళ్లేసరికి కిడ్నీలు ముప్పాతిక వంతు పోయి ఉంటాయి.

మా బుజ్జికి 2016లో బయటపడింది. మరుసటి ఏడు డాక్టరు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, రేపో మాపో డయాలసిస్ తప్పదని, ఇంట్లో వాళ్లెవరైనా ఒక కిడ్నీ ఇవ్వగలిగితే అంతకంటే మేలు లేదని చెప్పారు. మా మరదలి రక్తం గ్రూపు కలవలేదు. నాదీ వాడిదీ ఒకటే గ్రూపు. అందరూ నావంక చూడలేదు. అది ఇంకా కష్టం. అందరూ నావంక చూడకుండా ఉండటానికి ప్రయత్నించారు.

"చూద్దాం" అన్నాను నేను.

ఆ మాట ఎంత మర్యాదస్తురాలో! ఔననదు, కాదనదు. మా పెద్దబ్బాయి పెళ్లయ్యాక చూద్దాం, మావారి కంటి ఆపరేషనయ్యాక చూద్దాం, రిటైరయ్యాక చూద్దాం. మా ఇంట్లో వద్దని ఎవరూ అనలేదు. భయపడ్డది నేనే. ఆఖరికి 2019లో, వాడికి డయాలసిస్ మొదలయ్యాక, ధైర్యం చేసి పరీక్షలకి వెళ్లాను. రక్తం తీసిన మర్నాడు డాక్టరుగారు కాగితాలు చూసి, "మీకు షుగరొచ్చింది కదమ్మా. మీది తీసుకోవడానికి వీల్లేదు" అన్నారు. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. చెప్పొద్దూ, ముందు నాకు కలిగింది ఊరట. ఆ తరవాతే ఏడుపొచ్చింది. ఆ రెండూ వచ్చిన వరస మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు.

పకోడీల పళ్లెంతో నిలబడి "నేనూ వస్తాను" అన్నది ఎవరో ఇప్పుడు మీకు తెలిసిందిగా.

డాక్టరు పరీక్షించి సరేనన్నారు. షరతులు పెట్టారనుకోండి: రెండు గంటలకోసారి ఏదో ఒకటి తినాలి, జేబులో గ్లూకోజు బిళ్లలుండాలి, తలతిరిగినట్టుంటే వెంటనే దిగిపోవాలి. ఇరవై ఒక్క గేర్ల సైకిలు కొన్నాను. షాపు కుర్రాడు సీటు ఎత్తు సరిచేస్తూ ఓ సూత్రం చెప్పాడు. పెడలు అడుగుకి వెళ్లినప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా చాచుకోవాలట. సీటు కిందకుంటే మోకాలు మరీ వంగి నొప్పెడుతుందట. "బరువు గేరులో మెల్లిగా తొక్కొద్దు మామ్మగారూ, తేలిక గేరులో గబగబా తొక్కండి. అప్పుడు మోకాలికి బరువు తెలీదు" అన్నాడు. ఈ సూత్రం సంసారానికి కూడా పనికొచ్చేట్టుంది, ముప్ఫై ఎనిమిదేళ్లు ఆలస్యంగా తెలిసింది!

చీరతో కుదరదు కనుక మా కోడలి పంజాబీ డ్రెస్సు వదులు చేయించి వేసుకున్నాను. పెళ్లిచూపులకి కూడా అంత సిగ్గుపడలేదు. మొదటి నాలుగు రోజులు తెల్లవారుజామున నాలుగున్నరకే, ఎవరూ చూడకుండా, పోర్టు స్టేడియం పక్క రోడ్డు మీద తొక్కాను. సైకిలు తొక్కడం మర్చిపోరంటారు. ఒళ్లు మర్చిపోదు, నిజమే, భయమూ మర్చిపోదు. రెండుసార్లు పడ్డాను. రెండోసారి వీధి ఊడ్చే ఆమె లేవదీసి, "పెద్దమనిషివి, ఎందుకమ్మా ఇయన్నీ?" అని దుమ్ము దులిపింది. ఆర్నెల్లు తొక్కాక 60 కిలోమీటర్లు ఒక పూట వెళ్లిరాగలిగాను. షుగరు కాస్త దిగింది. మావారు పేపరు పేజీలు తిప్పడం మొదలెట్టారు.

ఇక చందాల సంగతి. ఇదో పెద్ద పాఠం సుమండీ. మా మహిళామండలిలో అడిగితే ఒకావిడ, "నువ్వు తొక్కితే మేం డబ్బెందుకివ్వాలి? ఇచ్చేదేదో ఊరికే ఇస్తాంగా, నువ్వింట్లో కూర్చో" అంది. లెక్కల టీచర్ని, నాకే జవాబు తోచలేదు. రాత్రి పడుకుంటే తోచింది. ఆషాఢ పున్నానికి సింహాచలం గిరి ప్రదక్షిణకి ఇదే ఆవిడ ఏటా 32 కిలోమీటర్లు ఉత్తకాళ్లతో నడుస్తుంది. అప్పన్న ఆవిణ్ణి నడవమన్నాడా? కొండ చుట్టూ కాళ్లరిగేలా తిరిగితేనే కోరుకున్నది ఎంత గట్టిగా కోరుకున్నామో మనకే తెలుస్తుంది. పక్కవాడికీ తెలుస్తుంది. మర్నాడు వెళ్లి ఆ మాటే చెప్పాను. కిలోమీటరుకి పది రూపాయల చొప్పున 2,200 రాసిచ్చింది. "మధ్యలో ఆగిపోతే మాత్రం ఎంతవరకు తొక్కితే అంతకే" అని షరతు పెట్టింది. అప్పన్న కూడా ఆవిడతో ఇంత ఖచ్చితంగా ఉండి ఉండడు.

డయాలసిస్ ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తున్నారు. ప్రభుత్వం పింఛనూ ఇస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ జబ్బుల పరిశోధన కేంద్రం ప్రారంభించారు. అయినా పల్లె నుంచి వారానికి మూడుసార్లు వెళ్లాలి. యంత్రం మీద నాలుగ్గంటలు పడుకుని లేచిన మనిషి బస్సులో నిలబడి రాలేడు, ఆటో కావాలి. తోడు ఒకరు కావాలి. ఆ తోడొచ్చిన మనిషికి ఆ పూట కూలి పోతుంది. రానూ పోనూ 400 అనుకుంటే నెలకి పదమూడు సార్లు, 5,200. ఈ లెక్క వెయ్యడానికి పెద్ద లెక్కల టీచరక్కర్లేదు. కొందరు మూడుసార్లకు బదులు రెండుసార్లే వెళతారు. ఆ మిగిలిన ఒక్కటీ ప్రాణంలోంచి తీసి ఆటోకి కడుతున్నట్టు.

డిసెంబరులో ఓ ఆదివారం తెల్లవారి అయిదింటికి మద్దిలపాలెం దగ్గర బయల్దేరాం. పదకొండు మందిమి. నా తరవాత పెద్దవాడికి 41. వెనకాల పంపులూ ట్యూబులూ అరటిపళ్లూ వేసుకుని ఒక వ్యాను. మావారు స్కూటరు మీద ఎండాడ ఎత్తు దాకా వచ్చారు. ఎత్తెక్కలేక నేను దిగి నడిపిస్తుంటే, పక్కనే స్కూటరు మెల్లిగా పోనిస్తూ, "వెనక్కి వచ్చెయ్యాలంటే ఇదే చివరి సందు" అన్నారు. నేను మాట్లాడలేదు. మాట్లాడటానికి ఊపిరుంటేగా! ఎత్తు మీద ఆగి, చెంగుకి కట్టుకోమని ఇచ్చే అలవాటు కొద్దీ, చుట్టూ చూసి, నా చేతిలో చిల్లర పెట్టారు. "టీ తాగు" అన్నారు. వెనుదిరిగి వెళ్లిపోయారు.

తగరపువలసలో గోస్తనీ వంతెన దాటేసరికి తెల్లగా తెల్లవారింది. భోగాపురం దాకా ఉషారుగానే ఉంది. జాతీయ రహదారి మీద లారీ దాటిపోయినప్పుడల్లా గాలి ముందు పక్కకి తోసి, తరవాత తనవైపు లాక్కుంటుంది. హేండిలు గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊగుతుంది, వదులుగా పట్టుకోవాలని కుర్రాళ్లు చెప్పారు. దాహమెయ్యక ముందే నీళ్లు తాగాలని కూడా చెప్పారు. ప్రతి పావుగంటకీ సీసా ఎత్తాను. ఎత్తినప్పుడల్లా ఒకటే జ్ఞాపకం. మా బుజ్జికి రోజుకి ఇంత నీళ్లని కొలత. ఒంట్లో చేరిన నీళ్లు బయటికి పోయే దారి లేదు కనుక, ఎక్కువ తాగితే ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసమొస్తుంది. మందులు మింగే చిన్న స్టీలు గ్లాసుతో కొలుచుకుని తాగుతాడు. ఎండాకాలం నోరు పుక్కిలించి ఉమ్మేస్తాడు. అంత నీళ్లు నేను రోడ్డు మీద గటగటా తాగుతున్నాను, తాగకపోతే కళ్లు తిరుగుతాయి కనక.

పూసపాటిరేగ దగ్గర టీకొట్టావిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "ఏటమ్మా, కొడుకులు కారు కొన్లేదేటి?" అంది. కొన్నారని చెబితే, "మరి మీకివ్వరేటి?" అంది జాలిగా. సంగతంతా చెప్పాను. విని, గ్లాసులు కడుగుతూ కాసేపు ఊరుకుంది. "మా చెల్లిని ఆ పక్కే ఇచ్చాం. పోనాది" అంది. ఎవరు పోయారో అడగక్కర్లేకపోయింది. మావారిచ్చిన చిల్లర తీస్తే పుచ్చుకోలేదు. పైగా తన గల్లాపెట్టెలోంచి యాభై రూపాయలు తీసి, "నా పేరు రాయక్కర్లేదు" అని చేతిలో పెట్టింది.

ఆ రాత్రి రణస్థలంలో కల్యాణ మండపంలో మకాం. 70 కిలోమీటర్ల పైచిలుకు. సైకిలు మీద కూర్చున్న చోటు సంగతి ఆడవాళ్ల పేజీలోనైనా విడమర్చి రాయలేను, మీరే ఊహించుకోండి. మోకాళ్లు రెండూ వేడెక్కి ఉబ్బాయి. ఒక కుర్రాడు పాపం నొప్పి మాత్ర తెచ్చిచ్చాడు. చేతిలోకి తీసుకున్నాను కూడా. ఉద్దానంలో పొద్దంతా తవ్వి, గొప్పు చేసి, ఒళ్లు నొప్పులకి సాయంత్రం ఇలాంటి మాత్రే షాపులో కొని మింగి పడుకోవడం అలవాటు. అడ్డూ ఆపూ లేకుండా వాడితే అవి కిడ్నీలకు చేటని డాక్టర్లు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు. మా బుజ్జీ మింగినవాడే. మాత్ర తిరిగిచ్చేసి, ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి మోకాళ్ల మీద పెట్టుకుని పడుకున్నాను. ఫోను మోగింది. బుజ్జి.

"ఎంతవరకొచ్చావప్పా?"

"రణస్థలం."

"గాలి సరిగ్గుందా?"

"చల్లగా ఉంది."

"నేనడిగింది టైర్లలో" అన్నాడు.

రెండో రోజు నాగావళి దాటాం, మడపాం దగ్గర వంశధార దాటాం. నరసన్నపేట దాటాక ఒక చోట ఇంక నా వల్ల కాదని దిగి, చింతచెట్టు కింద సైకిలు పడేసి కూర్చున్నాను. షుగరు దిగిందేమో, చేతులు వణుకుతున్నాయి. గ్లూకోజు బిళ్లలు నమిలాను. వ్యాను వచ్చి ఆగింది. "ఎక్కెయ్యండి అమ్మమ్మా, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు డ్రైవరు. నిజమే, ఎవరూ ఏమీ అనుకోరు. 2017లోనూ ఎవరూ ఏమీ అనుకోలేదు. నోటి దాకా "చూద్దాం" వచ్చింది. మింగేశాను. అరగంట కూర్చుని, రెండు అరటిపళ్లు తిని, డ్రైవరుతో "నువ్వు ముందు పద నాయనా" అన్నాను. వ్యాను వెనకాలుంటే ఎక్కాలనిపిస్తుంది. కోటబొమ్మాళి దాటి టెక్కలి చేరేసరికి దీపాలు పెట్టారు. పది మందీ రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్ల కంటే ఆ పూట పెట్టిన చోడి అంబలి నాకు ఎక్కువ నచ్చింది.

మూడో రోజు మంగళవారం. పలాసలో వీధి వీధినా జీడిపప్పు కాలిన వాసన. ఎడమ పక్కన దూరంగా మహేంద్రగిరి. మందస రోడ్డు దగ్గర పిల్లలు పాలకోవా పొట్లాలు కొన్నారు. నేను వాసన మాత్రం చూశాను. అక్కణ్ణించీ మా దేశమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఒక్క రాత్రిలో పడిపోయిన కొబ్బరితోటల స్థానంలో వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే మనిషెత్తు దాటి ఎదుగుతున్నాయి. మా తోటలో చెట్లు కూడా అప్పుడే పోయాయి. నేను సైకిలు నేర్చుకున్న బాట మీద ఇప్పుడు నీడ లేదు.

కంచిలి దగ్గర హైవే దిగి సోంపేట రోడ్డు పట్టాం. ఊరి మొదట్లో జనం నిలబడ్డారు. మా మరదలు హారతి పళ్లెంతో ఉంది. కళ్లతో వెతికాను. బుజ్జి లేడు. నా మొహం చూసి ఆవిడే చెప్పింది: "ఇయాల ఆయన రోజు వదినా. పొద్దున్న తీసుకొచ్చి యంత్రం మీద పడుకోబెట్టారు."

మూడ్రోజులుగా ఆ ఊరి మొదట్లో వాడు నిలబడి ఉంటాడని, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతాడని మనసులో బొమ్మ గీసుకున్నాను. వాడి రోజులేవో, వారానికి మూడంటే ఏ మూడో, అయిదేళ్లలో నేను ఒక్కసారి అడిగి తెలుసుకోలేదు.

హారతి అయ్యాక అదే డ్రెస్సుతో, దుమ్ముతో ఆసుపత్రికి వెళ్లాను. వరసగా మంచాలు. ఒక్కొక్క మంచం పక్కన ఒక యంత్రం, ఎర్రటి గొట్టాలు. మాట్లాడుకునే వాళ్లు లేరు. కిటికీ పక్క మంచం మీద బుజ్జి ఒక చెయ్యి కదల్చకుండా పడుకున్నాడు. నేననుకున్నదాని కంటే చిన్నగా ఉన్నాడు. నన్ను చూసి, పైనుంచి కిందకి చూసి, "నాయనమ్మ ఉంటే చచ్చిపోయును" అన్నాడు.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఎన్నాళ్లుగానో చెప్పాలనుకున్నది అప్పుడే చెప్పకపోతే మళ్లీ చెప్పలేనని తెలుసు. "బుజ్జీ, ఆ రోజు డాక్టరు అడిగినప్పుడు నేను వెంటనే..." అన్నాను. అంతకంటే రాలేదు.

"తెలుసులే అప్పా."

"ఏం తెలుసు?"

"భయపడ్డావు. నాన్న గొలుసేసిన రోజూ నువ్వేటీ అన్లేదు. నాకలవాటే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అది నాకు తగలాలనే అన్నాడు, తగిలింది. నలభై ఎనిమిదేళ్లు వాడు ఆ నాలుగు దెబ్బలూ లెక్క పెట్టుకునే ఉన్నాడన్నమాట, నాలాగే. తరవాత ఖాళీగా ఉన్న చెయ్యి చాపి నా ఎడమ మోకాలి మీద, మచ్చ ఉన్న చోట, పెట్టాడు. "ఉబ్బింది. ఐసు పెట్టావా?" అన్నాడు.

"పెట్టాను."

"మాత్ర?"

"వేసుకోలేదు."

"మంచిపని."

యంత్రం తిరుగుతూనే ఉంది. ఇంకా గంటన్నర ఉందని నర్సమ్మ చెప్పింది. ఆ గంటన్నరా అక్కడే కూర్చున్నాను. వాడు దాహమేస్తోందంటే చిన్న గ్లాసు కొలిచి ఇచ్చాను.

మొత్తం మా పదకొండు మందికీ వచ్చింది 4,20,000 రూపాయలు. పూసపాటిరేగ ఆవిడ యాభైతో కలిపే. ఇంచుమించు ఏడుగురికి ఏడాది పాటు ఆటో ఖర్చు. ఆ మంచాల వరస చూశాక ఏడు ఎంత చిన్న అంకెో తెలిసింది. అయినా ఏడు సున్నా కాదుగా. ఆ తేడా ముప్ఫై మూడేళ్లు పిల్లలకి నేర్పాను. మహిళామండలి ఆవిడ పూర్తి 220 కిలోమీటర్లకీ లెక్క కట్టి ఇచ్చేసింది. వచ్చే ఏడు తనూ వస్తానంటోంది, ఉత్తకాళ్లతో తొక్కకూడదని ఎవరైనా చెప్పాలి.

వాడి రోజులు మంగళ, గురు, శనివారాలు. ఇప్పుడు శనివారం శనివారం నేను రైల్లో వెళుతున్నాను. తోడుకి మనిషుంటే మా మరదలికి ఆ ఒక్క పూటైనా తీరిక. సైకిలు అక్కడే వాళ్లింట్లో వదిలేశాను. స్టేషన్లో దిగితే ఎవరో ఒకరు దాన్ని తెచ్చి పెడతారు.

ఆ మొదటి రోజు ఆసుపత్రి నుంచి లేస్తుంటే బుజ్జి పిలిచాడు. ఏదో పెద్ద మాటే చెబుతాడనుకుని దగ్గరగా వంగాను.

"చైనుకి నూనె వేశావా?" అన్నాడు.

వెయ్యలేదని ఒప్పుకున్నాను.

"అక్కణ్ణించి ఇక్కడిదాకా నూనె లేకుండానే వచ్చావా!" అని తల పట్టుకుందామని చెయ్యెత్తబోతే, "ఆ చెయ్యి కదపకండి" అని నర్సమ్మ ఇద్దర్నీ కలిపి కేకలేసింది.